కారు తలుపు బీగము మొరాయించినపుడు

కోస్తావారు తాళమందురు; మన సీమవారము బీగమందుము. కన్నడమునను అది బీగమే. 1953 అక్టోబరు 1 వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆవలి వైపునకు పోయినవి; బళ్ళారి మైసూరులో చేరినది. మాట మాత్రము సరిహద్దున కిరువైపులను నిలిచియున్నది. కనుక ఈ వ్యాసమున మేమును బీగమనియే వ్రాయుచున్నాము.

చేతితో త్రిప్పు బీగమైనచో ఇంత వ్రాయ నక్కరలేదు. విద్యుచ్ఛక్తితో నడచు కారు బీగముల సంగతి వేరు. డ్రైవరు తన తలుపున ఒక్క మీట నొక్కినంతనే నాలుగు తలుపులును బిగిసికొనును. మరల నొక్కగనే విడివడును. అమెరికాలో 1914 నాటి స్క్రిప్స్-బూత్ కార్లకే ఇట్టి ఏర్పాటుండెను. 1956 లో ప్యాకార్డు కంపెనీవారు దానిని మరల తెచ్చిరి. మన దేశమున 2014 వరకు తయారైన అంబాసిడరు గాని, 1983 డిసెంబరులో మొదటి బండి వెలువడిన మారుతి 800 గాని చాలవరకు చేతి బీగములతోనే వచ్చినవి. కొన్నవారు అటుపిమ్మట బజారులో ‘సెంట్రల్ లాకు’ అను సామాను కొని, షెడ్డులో బిగింపించుకొనిరి. అట్లు ఒకరు కొని, మరొకరి కమ్మి, మూడవవారి చేతినుండి మన యూరికి చేరిన బండ్లు యశ్వంతనగర్‌లోను, సండూరు త్రోవలోను కొన్ని తిరుగుచునే యున్నవి. కొన్ని ఇండ్లలో అది సొంతబండి. కొన్ని ఇండ్లలో అదియే జీవనాధారము. వానిలో మొట్టమొదట మొరాయించు వస్తువులలో ఈ బీగ మొకటి.

ఇది చిన్న సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. 2025 ఏప్రిల్ నెలలో తెలంగాణమున చేవెళ్ల మండలము దామరగిద్దలో ఇద్దరు బాలికలును, మరుసటి నెల ఆంధ్రప్రదేశమున విజయనగరము చెంతనున్న ద్వారపూడిలో నలుగురు పిల్లలును, నిలిపియుంచిన కారులోని కెక్కి, తలుపులు మూసికొనిపోగా వెలికి రాలేక మరణించిరి. ఆ బండ్ల బీగములు చెడియుండెనని మేము చెప్పుటలేదు. మూసిన కారు పిల్లలకు ఎంత ప్రమాదమో చెప్పుటకే ఆ మాట యెత్తితిమి. సూర్యకిరణములు అద్దము గుండ లోపలికి పోవును. సీట్లు, తొట్టి వేడెక్కి వెలువరించు ఉష్ణము మాత్రము అద్దము దాటి పోలేదు. లోని గాలి బయటి గాలితో కలియదు. అందుచే ఎండలో నిలిచిన కారు లోపలి వేడి పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు పెరుగును. బళ్ళారి ఎండలు మనకు క్రొత్తగావు. బయట 40 డిగ్రీలున్ననాడు లోపల ఎంత యగునో విద్యార్థులే లెక్కించుకొన గలరు. పసివారి శరీరము పెద్దవారి శరీరముకంటె అనేక రెట్లు త్వరగా వేడెక్కును. కాబట్టి ఒకనాడు పడి మరునాడు పడని బీగమును ‘చూతములే’ యని వదలివేయరాదు.

ఇక దాని పనితీరు. ప్రతి తలుపు లోపలను, రేకునకును అట్టకును నడుమ, పిడికిలంతటి ప్లాస్టికు పెట్టె యొకటి యుండును. అందులో చిన్న మోటారు, దానికి పండ్లచక్రములు, ఆ చక్రములచే ముందువెనుకలకు జరుగు నొక కడ్డీ కలవు. ఆ కడ్డీ సుమారు రెండు సెంటీమీటర్లు జరిగి, తలుపులోని బీగపు మీటను త్రోయును లేక లాగును. మోటారు ఏ దిక్కున తిరుగునను ప్రశ్నకు సమాధానము మన భౌతికశాస్త్ర పుస్తకముననే యున్నది. అయస్కాంత క్షేత్రమున నున్న తీగలో విద్యుత్తు ప్రవహించినచో ఆ తీగపై బలము పనిచేయును. ప్రవాహదిశ మారినచో బలము దిశయు మారును. ఫ్లెమింగు ఎడమచేతి సూత్రమని వల్లించునది ఇదియే. రెండు తీగలలో మొదటిదానికి ధనధ్రువమును రెండవదానికి ఋణధ్రువమును తగిలించినచో బీగము పడును. తారుమారు చేసినచో విడును. ఆటబొమ్మ మోటారునకు టార్చిలైటు బ్యాటరీని త్రిప్పి తగిలించి ఎవరైనను దీనిని పరీక్షింపవచ్చును.

ఈ తారుమారు చేయు పని తలుపులోని మోటారుది కాదు. డాష్‌బోర్డు క్రిందనో, డ్రైవరు కాళ్ళకడనో నున్న నియంత్రణ పెట్టెది. డ్రైవరు మీట నొక్కినపుడు ఆ పెట్టెకు సంకేతము చేరును. పెట్టెలోని రిలేలు ‘టక్కు’మని పడి, నాలుగు మోటారులకును ఒక్కసారి, ఒక సెకను లోపుగా మాత్రమే విద్యుత్తు నిచ్చి ఆపివేయును. ఈ ‘ఒక సెకను’ మాటను జ్ఞాపకముంచుకొన వలెను. ముందు పనికి వచ్చును. బజారులో కొని అమర్చిన సామానులో సాధారణముగా డ్రైవరు తలుపు పెట్టెకు ఐదు తీగలును, తక్కిన మూడు తలుపుల పెట్టెలకు రెండేసి తీగలును ఉండును. అందరికిని సమానమైన రెండు తీగలు మోటారువి. డ్రైవరు తలుపునకు అధికముగానున్న మూడు తీగలు సంకేతమునకు.

బండి చెడినదని షెడ్డునకు పోయినచో ‘సెంట్రల్ లాకు పోయినది, మార్చవలెను’ అనుట సామాన్యముగా వినుచుందుము. ‘పోయినది’ యనునది రోగము పేరు కాదు. ఎన్ని తలుపులు పనిచేయుట లేదు? మీట నొక్కినపుడు ఏ శబ్దము వినవచ్చుచున్నది? ఈ రెండు ప్రశ్నలకు ఇంటియొద్దనే, ఒక్క మరమేకు నూడదీయక, సమాధానము రాబట్టవచ్చును.

సాయంకాలము సద్దుమణిగిన పిమ్మట ఒకరు డ్రైవరు సీటున కూర్చుండి మీట నొక్కుచుండ, మరియొకరు ఒక్కొక్క తలుపునకు చెవి యానించి వినవలెను. నాలుగు తలుపులును నిశ్శబ్దముగా నుండి, నియంత్రణ పెట్టెలో ‘టక్కు’ కూడ లేనిచో విద్యుత్తే రాలేదని యర్థము: ఫ్యూజు కాలియుండవచ్చును, బ్యాటరీ నీరసించియుండవచ్చును, లేదా డ్రైవరు తలుపునుండి సంకేతము చేరుట లేదు. పెట్టెలో ‘టక్కు’ వినబడి, మూడు తలుపులు పడి, నాల్గవది మాత్రము కదలనిచో పెట్టెను నిందింపరాదు. దోషము ఆ యొక్క తలుపునకో, దానికి పోవు తీగకో పరిమితము. మోటారు ‘జుయ్’మని తిరుగుచున్నను బీగపు పుల్ల కదలనిచో విద్యుత్తునకు ఏ లోపమును లేదు, కడ్డీని బీగపు మీటకు కలుపు ప్లాస్టికు కొక్కెము విరిగియుండును. పుల్ల సగము లేచి ఆగిపోయినచో బీగము బిగుసుకొని యున్నది, లేదా మోటారునకు చాలినంత బలము లేదు. ఇంజను నడచుచుండగా చక్కగా పడి, ఆపినపుడు పడనిచో మొదట బ్యాటరీని చూడవలెను. చక్కని బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపును; ఇంజను నడచునపుడు అది 14 వరకు పెరుగును. ఆ అధికబలముతో ఈడ్చుకొని వచ్చు బీగము బ్యాటరీ ఒంటరిగా నున్నపుడు మొరాయించును.

ఇంకొక విచిత్రమైన లక్షణము కలదు. మీట నొక్కగానే తలుపులన్నియు పడి, మరుక్షణమే తమంతట తామే విడిపోవును. దయ్యము పట్టినదని నవ్వుకొందురు గాని కారణము సులభము. డ్రైవరు తలుపు పెట్టెలోని సంకేతపు స్విచ్చి కడ్డీ కదలికనుబట్టి పనిచేయును. ఆ తలుపు బీగము బిగుసుకొని కడ్డీ కొసవరకు పోలేక వెనుకకు జారినచో, ఆ స్విచ్చి ‘విప్పుము’ అను సంకేతమునే మరల పంపును. పెట్టె దాని నాజ్ఞగా తీసికొనును. క్రొత్త పెట్టె కొనుటవలన ఇది పోదు. డ్రైవరు తలుపు బీగమును శుభ్రపరచినచో చాలమారులు పోవును.

వెనుక తలుపు లోపలినుండి మాత్రమే తెరచుకొనుట లేదని వచ్చు ఫిర్యాదులలో కొన్నిటికి కారణము వేరు. వెనుక తలుపు అంచున, తలుపు తెరచినపుడు మాత్రమే కనిపించుచోట, పిల్లల కొరకై ఏర్పరచిన చిన్న మీట యుండును. దానిని జరపినచో లోపలి పిడి పనిచేయదు. బయటి పిడి పనిచేయును. బండి కడుగునపుడు గుడ్డ తగిలి అది జరుగుటయు కలదు. డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు దాని నొకమారు చూచుట మంచిది.

ఇప్పుడు మన ప్రాంతమునకు ప్రత్యేకమైన శత్రువును గూర్చి చెప్పవలెను. అది ఎఱ్ఱదుమ్ము. సండూరు కొండలు ఇనుపరాతికిని మాంగనీసునకును పేరుపొందినవి. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనుల పని నాపించినపుడు కొంతకాలము దుమ్ము తగ్గినది. పిదప షరతులతో గనులు మరల తెరచిరి, లారీలును తిరుగుచున్నవి. ఆ ఖనిజపు పొడి బరువైనది, గరుకైనది. అద్దము దించునపుడెల్ల అద్దపు చీలికగుండ తలుపులోనికి జారును. వానకాలమున అదే చీలికగుండ నీరును దిగును. అట్లు దిగవలసినదే, తప్పులేదు. ఆ నీరు పోవుటకు తలుపు అడుగున రంధ్రములు చేసియుందురు. ఎఱ్ఱదుమ్ము నీటితో కలిసి ముద్దయై ఆ రంధ్రములను మూసివేయును. అప్పుడు తలుపు తొట్టివలె నీరు నిలుపుకొనును. మోటారు పెట్టె తడిసి తుప్పుపట్టును. వేసవిలో ఆ ముద్ద ఎండి, పాత గ్రీజుతో కలిసి బీగపు కీళ్ళలో సిమెంటువలె గట్టిపడును. కావున సంవత్సరమున కొకసారి, తొలకరికి ముందు, నాలుగు తలుపుల అడుగు రంధ్రములను సన్నని పుల్లతో పొడిచి తెరచినచో సగము వ్యాధులు రానేరావు. దీనికి కాసు ఖర్చు లేదు. పదేండ్ల పిల్లవాడు చేయగల పని.

తలుపు అట్ట విప్పుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువపు తీగను తీసివేయవలెను. పరీక్ష చేయునపుడు మాత్రము మరల తగిలింపవలెను. తలుపులలో గాలిసంచులున్న క్రొత్త బండ్లను ఇంట విప్పరాదు. మేము వ్రాయుచున్నది అట్టి సంచులు లేని పాతబండ్లను గూర్చియే. లోపలి పిడి వెనుక, చేయి యానించు చెక్క క్రింద మరమేకులు దాగియుండును. అద్దము దించు చేతిపిడి పాతబండ్లలో వంకర తీగ నొక్కుతో పట్టియుండును. పిడికిని అట్టకును నడుమ ఒక పాతగుడ్డను దూర్చి, చెప్పులు తుడిచినట్లు ఇటునటు లాగినచో ఆ నొక్కు ఎగిరి బయటపడును. ఎక్కడ పడినదో చూచుకొన వలెను. అట్ట చుట్టునున్న ప్లాస్టికు గుండీలు పాతవగుటచే పెళుసుగా నుండును. అట్టను నడుమ పట్టి లాగక, ప్రతి గుండీ ప్రక్కనే చదునైన పనిముట్టు దూర్చి మెల్లగా పెకలింపవలెను. ఒకటి రెండు విరుగుట తప్పదు, బజారులో దొరకును.

అట్ట వెనుక నొక పలుచని ప్లాస్టికు కాగితము అంటించి యుండును. అనేకులు దీనిని చింపి పారవేయుదురు. ఇది మాకు మిక్కిలి అసంతృప్తి కలిగించు అలవాటు. ఆ కాగితమే తలుపులోని నీరు అట్టకును, కారు లోపలికిని రాకుండ అడ్డగించునది. దానిని చింపక మడిచి, పని ముగిసిన పిదప మరల అంటించుట మరువరాదు.

ఇప్పుడు తీగల సంగతి. ఇచ్చటనే మేము కొంత నిలిచి చెప్పదలచితిమి, ఏలయన దోషములలో అధికభాగ మిచ్చటనే దొరకును, మనము బడిలో చదువుకొన్నదియు ఇచ్చటనే అక్కరకు వచ్చును.

కారు స్తంభమునుండి తలుపులోనికి తీగలు ఒక ముడతల రబ్బరు గొట్టముగుండ పోవును. తలుపు తెరచినపుడెల్ల ఆ తీగలు వంగును, మూసినపుడెల్ల చాచుకొనును. దినమునకు ఇరువదిమార్లు తెరచినామనుకొన్నను ఏడాదికి 7,300 సార్లు. పదునైదేండ్లలో లక్షకు మించును. పైనున్న ప్లాస్టికు తొడుగు సాగును, లోనున్న రాగి సన్నతీగలు ఒకటొకటిగా తెగును. చూచువారికి తీగ నిండుగానే కనిపించును. డ్రైవరు తలుపు అన్నిటికంటె ఎక్కువసార్లు తెరువబడునది గనుక దాని తీగలే ముందుగా తెగును; సంకేతపు తీగలును ఆ తలుపులోనే యున్నవి గనుక ఒక్క తీగ తెగినంతనే నాలుగు తలుపులును మూగవోవును. ‘మొత్తము పోయినది’ అను తీర్పునకు తరచుగా ఇదియే మూలము. మా విద్యార్థులలో ఒకరి యింటి బండికి ఇట్లే మొత్తము సామాను మార్చవలెనని ఒకచోట చెప్పిరి. పిల్లవాడు రబ్బరు గొట్టమును స్తంభము నుండి వెనుకకు లాగి, ఒక్కొక్క తీగను రెండు వ్రేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూచెను. నాలుగు తీగలు గట్టిగా నిలిచినవి. ఒకటి మాత్రము రబ్బరువలె సాగినది. లోన రాగి లేదు. జానెడు తీగతో పని ముగిసినది.

పూర్తిగా తెగిన తీగను పట్టుట సులభము. పదునాలుగు సన్నతీగలలో పదుమూడు తెగి యొకటి మిగిలినపుడే చిక్కు. మీటరు పెట్టినచో 12 వోల్టులు చూపును. మోటారు మాత్రము కదలదు. ‘కరెంటు వచ్చుచున్నది, మోటారే చెడినది’ యని క్రొత్త మోటారు కొందురు, అదియు కదలదు. ఇందలి రహస్యము ఓము 1827 లో ప్రకటించిన సూత్రముననే యున్నది. వోల్టు మీటరు తనగుండ దాదాపు ఏమియు ప్రవహింపనీయదు. ప్రవాహము లేనిచో నిరోధమువద్ద వోల్టేజి పతనమును ఉండదు. కావున మీటరు పూర్తి 12 వోల్టులే చూపును. మోటారు నిరోధము 2 ఓములనుకొందము. తీగ మంచిదైనచో 6 ఆంపియర్లు ప్రవహించును. మిగిలిన ఒక్క సన్నతీగ, తుప్పుపట్టిన అతుకు, రెండును కలిసి మరి 2 ఓములు చేర్చినవనుకొందము. మొత్తము నిరోధము 4 ఓములు, ప్రవాహము 3 ఆంపియర్లు. మోటారునకు దక్కునది 6 వోల్టులు మాత్రమే. తక్కిన 6 వోల్టులు ఆ చెడ్డచోట వేడియై వ్యర్థమగును.

కాబట్టి మీటరుకంటె దీపము మేలైన పరీక్ష. కారు మలుపు సూచించు దీపములకు వాడు 12 వోల్టుల, 21 వాట్ల బల్బునకు రెండు తీగలు అతికించుకొన్నచో చాలును. అది 1.75 ఆంపియర్లు గుంజును. అనగా తీగపై నిజమైన బరువు మోపును. మోటారు ప్లగ్గు ఊడదీసి, ఆ రెండు తీగల నడుమ దీపము నుంచి, వేరొకరిని మీట నొక్కుమనవలెను. బీగము వేయునపుడొకమారు, విప్పునపుడొకమారు దీపము తళుక్కున మెరయవలెను. ఒక సెకను లోపుగా ఆరిపోవును. అందుచే కన్నార్పక చూడవలెను. నిదానముగా అంకెలు మార్చు మీటరు ఈ మెరపును పట్టలేకపోవుటయు కలదు. రెండుమార్లును ప్రకాశవంతముగా మెరసినచో తీగలు నిర్దోషులు, మోటారే చెడినది. మందముగా మెరసినచో తీగయో అతుకో చెడినది. అసలే మెరయనిచో తీగ తెగినది. ఒకవైపు మాత్రమే మెరసినచో నియంత్రణ పెట్టెలోని రిలే నొకదానిని అనుమానింపవలెను.

ఈ సందర్భమున ‘అర్తింగు’ అను మాటను గూర్చి యొకటి. పాఠ్యపుస్తకమున భూసంపర్కమని చదివిన విద్యార్థి షెడ్డులో ‘అర్తింగు లేదు’ అను మాట విని, రబ్బరు చక్రములపై నిలిచిన బండికి భూమితో సంపర్క మెక్కడిదని ఆశ్చర్యపడవచ్చును. అతని ఆశ్చర్యము న్యాయమే. కారులో అర్తింగనగా భూమి కాదు, కారు ఇనుప దేహము. బ్యాటరీ ఋణధ్రువము ఆ దేహమునకు బిగింపబడియుండును. నియంత్రణ పెట్టెనుండి వచ్చు నల్లతీగ దేహమునకు బిగించినచోట తుప్పు చేరినచో తలుపులన్నియు ఒకనాడు పడి యొకనాడు పడకుండును. మరను విప్పి, ఇనుము మెరయువరకు గీకి, బిగించినచో చాలును.

తెగిన తీగను రబ్బరు గొట్టము నడుమనే అతికించుట పొరపాటు. సీసముతో అతికినచోట తీగ గట్టిపడును. దాని ప్రక్కనే వంపు పడి, కొద్దిదినములలో మరల తెగును. గొట్టము పొడవునను క్రొత్త తీగ దూర్చి, ఒక అతుకు తలుపు లోపలను, రెండవది కారు లోపలను, కదలిక లేనిచోట వేయవలెను. సన్నని పోగులు పెక్కు కలిగిన మెత్తని తీగయే వాడవలెను. ఇండ్ల గోడలలో వాడు ఒంటిపోగు తీగ ఎంత లావైనను ఇచ్చట నిలువదు. ఫ్యూజు కాలినచో అదే ఆంపియర్లది వేయవలెను. మరల కాలినచో ఎక్కడో తీగ తొడుగు ఒరసిపోయి ఇనుమునకు తగులుచున్నదని యది చెప్పుచున్నది. పెద్ద ఫ్యూజు గాని, సిగరెట్టు పెట్టె మెరుగుకాగితము గాని చుట్టి ఆ నోరు మూయించువారు తమ బండికి తామే నిప్పుపెట్టుకొనుచున్నారు.

మోటారే చెడినదని తేలినచో ఎక్కువ మాటలు లేవు. కొన్ని పెట్టెలను విప్పి, లోని కార్బను ముక్కలను, రాగి పట్టీలను శుభ్రపరచి కొంతకాలము నడపవచ్చును. అతికించి మూసిన పెట్టెలను మార్చుటయే మేలు. నాలుగును మార్చ నక్కరలేదు. చెడిన యొక్కటి చాలును. కొనునపుడు అది రెండు తీగలదో ఐదు తీగలదో చెప్పి కొనవలెను. మరియొక సూచన: పరీక్షయని పదేపదే మీట నొక్కినచో కొన్ని మోటారులు కొంతసేపటికి ఆగిపోవును. అవి కాలిపోలేదు. అధికముగా వేడెక్కినపుడు ప్రవాహము తగ్గించు చిన్న రక్షణబిళ్ళ వానిలో నుండును. కొన్ని నిమిషములు ఊరకుండినచో మరల పనిచేయును.

బీగపు కీళ్ళను మొదట పలుచని నూనె చల్లి కడిగి, ఎఱ్ఱముద్ద కారిపోవువరకు తుడిచి, పిదప తెల్ల గ్రీజు కొంచెముగా పూయవలెను. చేతితో త్రోసినపుడు ఒక్క వ్రేలి బలముతో మీట కదలవలెను. అట్లు కదలని బీగమును ఏ మోటారును కదల్పలేదు. బీగపుచెవి దూర్చు రంధ్రమున మాత్రము వంటనూనె, కొబ్బరినూనె పోయరాదు. అవి దుమ్మును పట్టి బంకయగును. పెన్సిలు ములుకును మెత్తగా నూరి, ఆ పొడిని చెవికి రాచి, నాలుగైదు మార్లు దూర్చి త్రిప్పినచో చాలును.

తల్లిదండ్రులకు ఒక మనవి. దూరమునుండి నొక్కు మీటకు అలవాటుపడినవారు బీగపుచెవిని ఏండ్ల తరబడి రంధ్రమున పెట్టరు. బ్యాటరీ చచ్చిననాడు ఆ చెవియే దిక్కు. అది తిరుగునో లేదో నెల కొకసారి చూచుకొన వలెను. కారు నిలిపినపుడు చెవిని పిల్లల కందకుండ నుంచి, తలుపులన్నియు బీగము వేసియే యుంచవలెను. తెరచిన కారు వారికి ఆటయిల్లు. లోపల చిక్కుకొన్నచో ఏమి చేయవలెనో పిల్లలకు ముందే నేర్పవలెను: ముందు సీటునకు వచ్చి బీగపు పుల్లను చేతితో లేపి పిడి లాగుట, అది సాధ్యముకానిచో హారను విడువక మ్రోగించుట. చాల కార్లలో చెవి లేకున్నను హారను మ్రోగును. మీ బండిలో మ్రోగునో లేదో ఈనాడే పరీక్షింపుడు. బయటివారు పిల్లను కనుగొన్నచో బీగముతో పెనగులాడక, పిల్లకు దూరముగానున్న ప్రక్క అద్దమును దాని మూలవద్ద పగులగొట్టవలెను. అద్దము ఖరీదు లెక్క పెట్టవలసిన సమయము కాదది.

ఇక బీగము బాగుచేయుట ముగిసిన పిమ్మట, అట్ట బిగింపకముందు, తలుపును వెంటనే మూసి చూడరాదు. ఎక్కడైనను కడ్డీ తప్పు తగిలించియుండినచో, తలుపు మూతపడి ఏ పిడికిని తెరచుకొనక, అట్ట విప్పి యుండియు కష్టపడవలసి వచ్చును. తలుపు తెరచియుండగనే, అంచుననున్న కొండిని స్క్రూడ్రైవరుతో నొక్కి త్రిప్పినచో అది తలుపు మూసినట్లు బిగియును. అప్పుడు మీట నొక్కి బీగము వేయవలెను. బయటి పిడి లాగినచో కొండి విడరాదు. బీగము విప్పి లాగినచో విడవలెను. లోపలి పిడితోను, బీగపుచెవితోను ఇట్లే చూచి, పదిమార్లు తప్పక పనిచేసిన పిదప, అద్దము దించియుంచి, తలుపు మూయవచ్చును.